నోలా అంటించని నంబరు

"ఆ ఓర్విల్ స్టాంపర్‌కి తెలుసు. అమ్మేటప్పుడే తెలుసు. తెలిసి తెలిసి మనకు అంటగట్టాడు. దొంగ."

నోలా ఈ మాట కొట్టం మధ్యలో నిలబడి అంది. జులై నెల, మిట్టమధ్యాహ్నం. పైన రేకులు పెనంలా కాలుతున్నాయి. పశువుల డాక్టర్ ఇబారా జబ్బ దాకా తొడుక్కున్న ప్లాస్టిక్ గ్లవ్ ఊడదీసి బకెట్లో పడేసింది.

అసలు ఆవిడ వచ్చింది రక్తం తీయడానికి. ఫెయిర్‌కి, అంటే ఏటా జరిగే పశువుల పోటీల జాతరకి, వెళ్లే ప్రతి గుర్రానికీ రక్తపరీక్ష కాగితం ఉండాలి. లేకపోతే గేటు దాటనివ్వరు. రక్తం తీస్తూ ఆవిడ గుర్రం పొట్ట వంక చూసింది. వంగి పొదుగు చూసింది. ట్రక్కు దగ్గరికి వెళ్లి పొడుగు గ్లవ్ తెచ్చుకుంది.

"ఇది చూడి గుర్రం. తొమ్మిది నెలలు దాటాయి. పిల్ల డెక్క నా వేళ్లకు తగిలింది" అంది.

గుర్రం పేరు సోర్గం. ఆ ఊళ్లో జొన్నచెరకు రసం కాచి చేసే పాకానికి అదే పేరు. దీని ఒళ్లు కూడా అదే రంగు. ఏప్రిల్‌లో పశువుల వేలంలో ఓర్విల్ దగ్గర కొన్నారు. పదకొండేళ్ల నోలాకు అదే మొదటి సొంత గుర్రం. వేలం రోజున ప్రతి గుర్రం పిర్ర మీదా నంబరు కాగితం అంటించే పని, గుర్రాల పెంపకం నేర్చుకునే క్లబ్బు పిల్లలది. సోర్గం పిర్ర మీద 57 అంటించింది కూడా నోలానే. అంటిస్తూనే మనసు పారేసుకుంది.

అప్పటినుంచి రోజూ తర్ఫీదు. పొడుగు తాడు పట్టుకుని గుండ్రంగా తిప్పడం, ఆగమంటే ఆగడం, వెనక్కి నడవడం, జీను వేయించుకోవడం. ఇదంతా జులై ఇరవై అయిదున ఫెయిర్‌లో చూపించాలి.

"ఫెయిర్‌కి ఇంక తొమ్మిది రోజులే ఉంది డాక్టర్ గారూ" అంది నోలా.

"ఫెయిర్ సంగతి నాకు చెప్పకు. ఇది ఏ గడ్డి తింటోంది?"

నోలా తల్లి లొరీన్ తలుపులోంచి మేత బీడు వైపు చెయ్యి చూపించింది. ఆవిడ స్కూలు బస్సు నడుపుతుంది. లారీ నడిపే భర్త వారంలో అయిదు రోజులు ఇంట ఉండడు. ఇంటి పని, గొడ్ల పని, పిల్ల పని అన్నీ ఆవిడవే. ఆవిడ చెయ్యి చూపించిన చోట ఫెస్క్యూ గడ్డి మోకాలెత్తున ఉంది. ఆ చుట్టుపక్కల ఏ బీడు చూసినా ఆ గడ్డే.

డాక్టర్ ఇబారా నుదురు రుద్దుకుంది.

ఆ గడ్డిలో కంటికి కనపడని బూజు ఉంటుంది. మామూలు గుర్రం తింటే పెద్దగా ఏమీ కాదు. చూడి గుర్రం చివరి నెలల్లో తింటే పొదుగులో పాలు పడవు. నెలలు నిండినా ఈనదు. మాయ మందమైపోతుంది, పిల్ల దాన్ని చించుకుని రాలేదు. ఒక్కోసారి పిల్ల, ఒక్కోసారి తల్లీపిల్లా రెండూ పోతాయి. మూడు నెలల ముందే ఆ మేత మాన్పించాలి. కనీసం రెండు నెలలు. ఇది ఆ ఊళ్లో రెండో తరగతి పిల్లలకు కూడా తెలుసు.

"నాకు నెలల లెక్క కావాలి. కడుపులో పిల్ల కదలడం మొదట ఎప్పుడు తెలిసింది? పొట్ట పక్కకు ఎగరడం గానీ, కాలికి తగలడం గానీ. నోలా, రోజూ ఎక్కేది నువ్వేగా" అంది డాక్టరు.

"నేనేం చూడలేదు. ఆ ఓర్విల్ చెప్తే కదా మనకు తెలిసేది" అంది నోలా.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది ఆ జవాబు. పెద్దవాళ్లిద్దరూ గమనించలేదు. వాళ్ల దృష్టంతా గుర్రం మీద ఉంది.

అసలు జరిగింది ఇది.

మే నెలలో సోర్గం పొట్ట పెరిగింది. క్లబ్బులో డార్సీ అనే పిల్ల నోటికి తాళం ఉండదు. "నీది గుర్రమా, స్నానాల తొట్టా" అని అందరి ముందూ అంది. చచ్చు గడ్డి తింటే పొట్ట వేలాడుతుందని నోలా ఎక్కడో వింది. దాణా సగానికి తగ్గించింది. తాడు పట్టి ఇంకో ఇరవై నిమిషాలు ఎక్కువ తిప్పింది. జీనును పొట్ట కిందనుంచి కట్టే పట్టీ ఇంకో రంధ్రం బిగించింది. పట్టీ చూడగానే సోర్గం చెవులు వెనక్కి విరిచి పళ్లు చూపించేది. పొగరు అనుకుంది నోలా. అప్పటిదాకా అది తెలియక చేసిన తప్పు.

జూన్ పద్నాలుగున తెలిసింది. గుర్రమెక్కి బీడులో నెమ్మదిగా నడిపిస్తుంటే దాని పొట్ట లోపలినుంచి ఎడమ పిక్కకు ఏదో ఠక్కున తగిలింది. నోలా దిగింది. డొక్క మీద అరచెయ్యి పెట్టింది. మళ్లీ తగిలింది. పుట్టిన దగ్గర్నుంచీ ఆవుల మధ్య పెరిగిన పిల్ల. ఆ తన్ను ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ పూట ఆమె బుర్రలో ఒక్కటే లెక్క నడిచింది. చెప్తే ఫెయిర్ పోతుంది. చెప్పకపోతే ఫెయిర్ ఉంటుంది. ఫెయిర్ అయ్యాక చెప్పొచ్చు. నెలే కదా.

క్లబ్బు పిల్లలు గుర్రానికి రోజూ ఏం పెట్టారో, ఏం నేర్పారో ఒక పుస్తకంలో రాయాలి. ఫెయిర్‌లో న్యాయనిర్ణేత దాన్ని చదువుతాడు. జూన్ పద్నాలుగు కింద నోలా ఇలా రాసింది: "బద్ధకించింది. మడమతో పొడవాల్సి వచ్చింది."

తర్వాత నెల రోజులూ అదే గడ్డి, అదే పట్టీ, అదే పరుగు.

డాక్టరు వెళ్లిన అరగంటకు లొరీన్ పికప్ తీసింది. నోలాను పక్కన కూర్చోబెట్టుకుని ఓర్విల్ స్టాంపర్ ఇంటికి వెళ్లింది. ఆయన వరండాలో బకెట్లో కాళ్లు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. డెబ్భై ఏళ్లుంటాయి. మర్యాదగా ఐస్ టీ తాగుతారా అని అడిగాడు. లొరీన్ వద్దంది. గుర్రం చూడితో ఉందని చెప్పింది.

ఓర్విల్ కంగారు పడలేదు. కిందటేడు మొక్కజొన్న కోతలప్పుడు తన మగగుర్రం కంచె దాటి ఆడగుర్రాల్లో పడిందట. రెండు రోజులు దొరకలేదట. అయితే అయి ఉండొచ్చట.

"అయితే అయి ఉండొచ్చా? ఆ మాట వేలంలో చెప్పడానికి నోట్లో బెల్లంగడ్డ ఉందా ఓర్విల్ గారూ?" అంది లొరీన్.

"మీరు దాని పళ్లు చూశారు. కాళ్లు ఎత్తి చూశారు. నడిపించి చూశారు. ఇది మాత్రం ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణి."

ఎవరూ అడగలేదు. ఈ మాట పెద్దవాళ్లకు ఏ బడిలో నేర్పుతారో గానీ అందరికీ కంఠతా వచ్చు.

ఓర్విల్ నోలా వంక తిరిగాడు. "ఒకటి కొంటే రెండొచ్చాయి, ఇంకా ఏడుపెందుకు పిల్లా" అని నవ్వాడు.

నోలా నవ్వలేదు, తిట్టలేదు. దారంతా అమ్మకు అప్పజెప్పిన తిట్లు ఒక్కటీ బయటికి రాలేదు. ఆయన మాటే చెవిలో తిరుగుతోంది. తననూ నెల రోజులుగా ఎవరూ అడగలేదు. ఇవాళ డాక్టరు అడిగింది. అడిగినా చెప్పలేదు. ఓర్విల్ అడిగితే చెప్పేవాణ్ణి అంటున్నాడు. అది అబద్ధమే కావచ్చు. కానీ తను అంతకంటే ఒక మెట్టు కిందే ఉంది.

పికప్ వాగు వంతెన దాటాక చెప్పింది. కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పింది.

"జూన్ పద్నాలుగునే తన్నింది అమ్మా. నాకు తెలుసు."

లొరీన్ బండి పక్కకు ఆపింది. ఇంజను కట్టేసింది. తిడుతుందని నోలా భుజాలు ముడుచుకుంది.

"నాకు చెప్పి ఏం లాభమే. నేను గుర్రాల డాక్టర్నా?" అంది లొరీన్. ఫోను తీసి కూతురి ఒళ్లో పెట్టింది. "ఆవిడకు చెప్పు. తేదీతో సహా. దాణా తగ్గించిందీ, పట్టీ బిగించిందీ అన్నీ చెప్పు. ఒక్కటి మింగావంటే ఆ గుర్రం మీద ఇంకెప్పుడూ చెయ్యి వేయనివ్వను."

నోలా చెప్పింది. అవతల డాక్టరు మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. చివర్లో, ఓర్విల్ చెప్పిన మొక్కజొన్న కోతలంటే సెప్టెంబరు ఆఖరు కాబట్టి ఆగస్టు ఆఖరుకు ఈనాలని లెక్క కట్టింది. పిల్ల తన్నిన రోజే చెప్పి ఉంటే గడ్డి మాన్పించడానికి రెండున్నర నెలలు దొరికేవి. ఇప్పుడు ఒకటిన్నర. ఆ గంటనుంచే ఫెస్క్యూ ఒక్క పరక కూడా దాని నోట్లోకి వెళ్లకూడదంది.

ఆ సాయంత్రమే సోర్గం బీడులోంచి మట్టి దొడ్డిలోకి మారింది. లొరీన్ రెండు ఊళ్ల అవతలినుంచి ఫెస్క్యూ కలవని ఎండుగడ్డి తెచ్చింది. దాణా పెంచారు. పాలు పడే పేస్టు మందు రోజూ నాలుక మీద పెట్టాలి. జీను మేకుకెక్కింది.

నోలా తర్ఫీదు మానలేదు. డాక్టరు వేరే తర్ఫీదు చెప్పింది. పొద్దున్నే పగ్గం పట్టి అరగంట నడక. తర్వాత, రోజూ పొదుగు ముట్టుకోవాలి.

మొదటిసారి ఈనబోయే గుర్రం. చక్కిలిగింతకో భయానికో తన్నేస్తుంది. రేపు పిల్ల మూతి పెట్టినా తన్నేస్తుంది. మనిషి చెయ్యి పెట్టినా తన్నేస్తుంది. అందుకని భుజం దగ్గర మొదలుపెట్టాలి. గోకాలి. డొక్క దాకా రావాలి. చెవులు వెనక్కి పోతే చెయ్యి అక్కడే ఉంచాలి, ముందుకు జరపకూడదు. చెవులు మెత్తబడ్డాక చెయ్యి తీసేయాలి. అదే దానికి బహుమానం.

మొదటి వారం డొక్క దాటలేదు. నోలాకు చిరాకేసింది. పట్టీ బిగించినన్నాళ్లూ ఆ చెవులు చెప్పింది ఇదే కదా అని ఒకరోజు తట్టింది. ఆ రోజు చెయ్యి ఇంకా ముందే తీసేసింది. రెండో వారానికి తొడ లోపలికి చెయ్యి వెళ్లింది. మూడో వారానికి సోర్గం ఒక కాలు వదులు చేసి, కింది పెదవి వేలాడేసి, పొదుగును నోలా తుడుస్తుంటే కునుకు తీసింది.

ఈ మధ్యలో ఫెయిర్ వచ్చింది, పోయింది. నోలా గుర్రం లేకుండా పుస్తకం ఒక్కటే పట్టుకెళ్లింది.

"ఇవాళ నువ్వే గుండ్రంగా పరిగెడతావా?" అని అడిగింది డార్సీ.

"జీను నీ దగ్గరుంటే తెచ్చి వెయ్యి" అంది నోలా.

పుస్తకంలో జూన్ పద్నాలుగు పేజీ మీద ఎర్ర గీత ఉంది. కింద కొత్త వాక్యాలు. "ఇది అబద్ధం. ఈ రోజు కడుపులో పిల్ల తన్నింది. ఫెయిర్ పోతుందని నేను ఎవరికీ చెప్పలేదు." న్యాయనిర్ణేత రెండుసార్లు చదివాడు. పుస్తకం మూసి తిరిగిచ్చాడు. బహుమతి రిబ్బను ఇవ్వలేదు.

ఆగస్టు వెళ్లిపోయింది. సోర్గం ఈనలేదు. సెప్టెంబరు మొదటి వారమూ గడిచింది. ఇది ఆ గడ్డి పనేనంది డాక్టరు. కొట్టంలో మేకుకి ఒక కత్తెర వేలాడదీయించింది. తల్లీకూతుళ్లిద్దరినీ నిలబెట్టి చెప్పింది. ముందు తెల్లటి సంచి కనిపిస్తే చేతులు కట్టుకుని నిలబడండి. ఎర్రగా, మఖమలు గుడ్డలా కనిపిస్తే మాయ ముందు ఊడి వస్తోందన్నమాట. లోపల పిల్లకు ఊపిరి అందదు. నా కోసం ఆగకండి. కోసేయండి.

సెప్టెంబరు తొమ్మిదిన తూర్పు తెల్లబడుతుండగా లొరీన్ బస్సు తాళాలు తీసుకుని బయటికొచ్చింది. కొట్టంలోంచి మూలుగు వినిపించింది. నోలాను కేకేసింది.

సోర్గం పక్కకు ఒరిగి పడుకుని ఉంది. ఒళ్లంతా చెమట. తోక కింద ఎర్రగా ఉంది.

లొరీన్ డాక్టరుకు ఫోన్ కలిపి గడ్డిలో పడేసి కూతురి వంక చూసింది. ఆవిడ ఒక అడుగు ముందుకు వేస్తే గుర్రం లేవబోయింది. నోలా వేస్తే లేవలేదు. నోలా కత్తెర తీసుకుంది. భుజం మీద చెయ్యి పెట్టింది. డొక్క మీద పెట్టింది. తొడ మీద పెట్టింది. యాభై రోజులుగా వచ్చిన దారే. సోర్గం కాలు కదపలేదు.

ఎర్ర సంచి తడిసిన తోలులా ఉంది. మొదటిసారి కత్తెర జారింది. రెండోసారి తెగింది. లోపల తెల్ల పొర, దాని లోపల రెండు చిన్న డెక్కలు. లొరీన్ డెక్కలు పట్టుకుంది. గుర్రం ముక్కినప్పుడల్లా లాగింది. పిల్ల జారి గడ్డిలో పడింది. కదలలేదు.

నోలా దాని ముక్కులో వేళ్లు పెట్టి జిగురు లాగేసింది. గోనెపట్టాతో పక్కటెముకలు రుద్దింది. రుద్దుతూనే ఉంది. పిల్ల ఒకసారి తుమ్మింది. తల ఆడించింది. ఊపిరి తీసింది.

ఆ పూట స్కూలు బస్సు నలభై నిమిషాలు ఆలస్యంగా నడిచింది. ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

డాక్టర్ ఇబారా వచ్చేసరికి పిల్ల నిలబడింది. ఆడపిల్ల. కాళ్లు వణుకుతున్నాయి. వంటి మీద కండ లేదు. తల్లి పొదుగులో నాలుగు చుక్కలు కూడా లేవు. ఆవిడ తన ఫ్రీజరులో దాచిన వేరే గుర్రం ముర్రుపాలు కరిగించి సీసాతో పట్టించింది. రోజంతా గంటగంటకూ పాలపొడి కలిపి పట్టాలి, గంటగంటకూ తల్లి పొదుగు పిండాలి. పిండితేనే పాలు పడతాయి. లొరీన్, నోలా వంతులు వేసుకున్నారు. సోర్గం ఒక్కసారి కూడా తన్నలేదు. మూడో రోజుకు పాలు పడ్డాయి.

మొదటి రోజు వెళ్తూ డాక్టరు కత్తెర కడిగి మేకుకి తగిలించింది.

"జూన్‌లో చెప్పుంటే దీనితో పని ఉండేది కాదు. రోజూ చెయ్యి అలవాటు చేసి ఉండకపోతే ఆ పిల్ల ఉండేది కాదు" అంది. పొగడ్తో తిట్టో నోలాకు అర్థం కాలేదు. అడగలేదు.

అక్టోబరు రెండో శనివారం మళ్లీ వేలం. వేలం కొట్టం వెనక క్లబ్బు పిల్లలు జిగురు డబ్బాలు, నంబరు కాగితాలు పట్టుకుని నిలబడ్డారు. అమ్మేవాళ్లు ఒక్కొక్కరే గుర్రాలతో వస్తున్నారు. పిల్లలు నంబరు అంటించి లోపలికి పంపుతున్నారు. నంబరు లేని గుర్రాన్ని వేలం గుమ్మంలోకి రానివ్వరు. అది అక్కడి పద్ధతి.

నోలా వరసలోకి ఓర్విల్ స్టాంపర్ వచ్చాడు. చేతిలో బూడిదరంగు ఆడగుర్రం. బెదురు గొడ్డు, మెడ మీద కంచె తీగ గీరిన గుర్తు. గుర్రం బెదరకుండా పగ్గం బిగబట్టి ఓర్విల్ దాన్ని పక్కకు తిప్పి పిర్ర చూపించాడు.

"కానియ్ పిల్లా. వెనక జనం ఉన్నారు."

నోలా కుంచె జిగురులో ముంచలేదు. కాగితం మీద 31 ఉంది. ఆ అంకె కింద ఖాళీ ఉంది. చెవి మీది పెన్సిల్ తీసింది. పక్కన డార్సీ తన పని ఆపి చూసింది.

"ఇది మగగుర్రంతో కలిసి మేసిందా ఓర్విల్ గారూ?"

"అది నీ పని కాదు. నీ పని అంటించడం."

"ఏప్రిల్‌లో ఎవరూ అడగలేదన్నారు. ఇప్పుడు నేను అడుగుతున్నా."

వెనక వరసలో ఎవరో నవ్వారు. ఇంకెవరో తొందరగా తేల్చమని అరిచారు. ఓర్విల్ అటూ ఇటూ చూసి డార్సీ వరసలోకి గుర్రాన్ని తిప్పాడు. డార్సీ జిగురు డబ్బా మూత పెట్టేసింది. పెట్టి, "నాకూ అదే చెప్పాలి" అంది. ఆ పక్క పిల్లాడూ మూత పెట్టాడు. ఓర్విల్ గుర్రంతో సహా మళ్లీ నోలా ముందుకు రావలసి వచ్చింది.

నోలా బూడిదరంగు గుర్రం భుజం మీద చెయ్యి పెట్టింది. దాని చెవులు వెనక్కి పోయాయి. చెయ్యి అక్కడే ఆపింది.

"అవును అనండి, కాదు అనండి, తెలియదు అనండి. ఏదంటే అది ఈ కాగితం మీద పెద్ద అక్షరాలతో రాస్తాను. కొనేవాళ్లకు కనపడాలి. ఈ గుర్రానికే కాదు, ఇక్కడికొచ్చే ప్రతి ఆడగుర్రానికీ. ముందు చెప్పండి. తర్వాతే నంబరు."